ధ్రువాల మంచూ మా తెల్లపెట్టే

ఉద్యోగంలోంచి దిగిపోయి నాలుగేళ్ళవుతున్నా, మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను వాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి తీసెయ్యలేదు. మర్యాద కొద్దీ ఉంచారో, ఉన్నానన్న సంగతే మరిచిపోయారో తెలియదు. మొన్న చలి కాస్త ముదరగానే అందులో ఒకమ్మాయి అడిగింది: "సర్, ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీది మంచు తగ్గిపోతోంది కదా. దానివల్లే ఇక్కడ చలి ఎక్కువైందని బులెటిన్‌లో రాయొచ్చా? అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పండి."

ఒక్క ముక్కలో చెప్పబోయే నేనొకసారి బొక్కబోర్లా పడ్డాను తల్లీ. కాబట్టి ఆ పడిన సంగతి మొత్తం చెబుతాను, ఓపికుంటే మిగతా పిల్లలు కూడా చదవండి. ఎవరి పేర్లూ రాయను. కొందరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు, ఒకరిద్దరికి నా మీద ఇప్పటికీ కోపముంది.

నరసరావుపేటకు కాస్త ఎడంగా, మిరప చేల మధ్య ఉన్న ఒక చిన్న వ్యవసాయ కేంద్రంలో వాతావరణ సలహాలు రాయడం నా పని. వారానికి రెండుసార్లు ఒక పేజీ. వాన పడుతుందా, చలి ఎంత ఉంటుంది, గాలి ఎటు నుంచి, దాన్నిబట్టి మిరపకు ఏం చెయ్యాలి, పత్తికి ఏం చెయ్యాలి, ఏ విత్తనం ఎప్పుడు వెయ్యాలి. పైనుంచి వచ్చే సూచనకు మా దగ్గర కొలిచిన అంకెలు కలిపి రాసేవాణ్ణి. ఆ అంకెలన్నీ మా ఆవరణలో ఒక మూల, కంచె లోపల నిలబెట్టిన తెల్లచెక్క పెట్టెలోంచి వచ్చేవి.

ఆ పెట్టె నాలుగు కాళ్ళ మీద మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. చుట్టూ కిటికీ రెక్కల్లాంటి చెక్కలు. గాలి ఆడుతుంది, ఎండ పడదు. లోపల థర్మామీటర్లు. వాటిలో ఒకటి, రాత్రి మొత్తంలో పడిన అతి తక్కువ అంకె దగ్గర గుర్తు వదిలిపెట్టి ఉంచుతుంది. పొద్దున ఏడింటికి వెళ్ళి, తలుపు తీసి, ఆ అంకె చూసి రిజిస్టర్లో రాయాలి. చెప్పడానికి ఇంతే. కాని పండగొచ్చినా, జ్వరమొచ్చినా, తుఫానొచ్చినా ఏడాదిలో ఏ ఒక్క రోజూ తప్పకుండా చెయ్యాలి.

ఆ పని చేసేది ఒక కాంట్రాక్టు ఉద్యోగిని. అందరం అబ్జర్వరమ్మ అనేవాళ్ళం. పక్క ఊళ్ళో చర్చి వెనక వీధిలో ఇల్లు, అక్కణ్ణుంచి సైకిలు మీద వచ్చేది. భర్త లారీ డ్రైవరు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇద్దరు ఆడపిల్లలు చిలకలూరిపేటలో హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. ఏటా జనవరి ఆఖరుకల్లా కాంట్రాక్టు కాగితం మీద కొత్త సంతకం పడాలి, పడకపోతే ఫిబ్రవరి ఒకటి నుంచి ఇంటి దగ్గరే. ఆమెకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో మా అందరికీ తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను మటుకు ఆ పెట్టె దగ్గరికి నెలకొకసారి కూడా వెళ్ళేవాణ్ణి కాదు. అంకెలు చీటీ మీద నా బల్ల దగ్గరికే వచ్చేవి.

ఆ ఏడాది వానాకాలంలో నన్ను హైదరాబాదుకు వారం రోజుల శిక్షణకు పంపారు. ఇటువంటి శిక్షణల్లో మధ్యాహ్నం భోజనం తర్వాతి పాఠం ఎవరూ వినరు. నేను విన్నాను, అదే కొంప ముంచింది. పాఠం ధ్రువాల మంచు గురించి. నాకు అర్థమైనట్టు చెబుతాను.

ఎండాకాలం మన డాబాల మీద సున్నం ఎందుకు కొడతాం? తెల్లగా ఉంటే ఎండ తిరిగి పైకి పోతుంది, కింద ఇల్లు చల్లగా ఉంటుంది. ఉత్తర ధ్రువం చుట్టూ సముద్రం మీద పేరుకున్న మంచు భూమికి కొట్టిన సున్నం లాంటిది. ఆ సున్నం ఏటేటా పెచ్చులూడుతోంది. మంచు పోయిన చోట నల్లటి నీళ్ళు బయటపడతాయి. అవి వేసవంతా ఎండను తాగి, చలికాలం మొదట్లో ఆ వేడిని గాలిలోకి వదులుతాయి. అందువల్ల మిగతా భూమి కంటే అక్కడ వేడి తొందరగా పెరుగుతోంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. ఉత్తరాన చలికీ దక్షిణాన వేడికీ ఉన్న తేడా వల్ల ఆకాశంలో చాలా ఎత్తున ఒక గాలి ప్రవాహం పడమటి నుంచి తూర్పుకు పరుగెడుతూ ఉంటుంది. వాలు బాగా ఉన్నచోట వాగు తిన్నగా పోతుంది, నేల చదునైతే వంకర్లు తిరుగుతుంది. ధ్రువం వేడెక్కి ఆ తేడా తగ్గితే పైనున్న గాలి కూడా అట్లాగే వంకర్లు పోతుందనీ, ఆ వంకర్లలోంచి ధ్రువపు చలి దక్షిణానికి జారుతుందనీ కొందరంటారు. కొన్ని చలికాలాల్లో అట్లా జరిగింది, కొన్నిటిలో జరగలేదు, కాకతాళీయం అయి ఉండొచ్చని మరికొందరంటారు. కంప్యూటర్లలో వేసి చూస్తే ఒకదాని జవాబు ఇంకోదానికి పొసగదు. పైగా ఈ తగువంతా సైబీరియా, ఐరోపా, అమెరికాల గురించి. మనకు ఉత్తరాన హిమాలయాలు అడ్డంగా ఉన్నాయి. ఢిల్లీ దాకా దాని ప్రభావం చుట్టు తిరిగి ఏదన్నా వస్తే రావచ్చు. పల్నాడు మాట పాఠంలో రానే లేదు.

పాఠం చెప్పినాయన చివర్లో రెండుసార్లు చెప్పాడు, ఇది ఇంకా తేలని విషయం, 'కావచ్చు' అన్న మాట తియ్యకుండా రాయండి అని. నేను నోట్సులో రాసుకున్నాను కూడా. నరసరావుపేటలో రైలు దిగేసరికి మంచు మిగిలింది, 'కావచ్చు' మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

డిసెంబరు మొదటి వారం దాటాక మా పెట్టెలో రాత్రి అంకె పడిపోవడం మొదలైంది. ఒకటి రెండు రోజులైతే ఎవరూ పట్టించుకోరు. వరసగా పది రోజులు, మామూలుగా ఉండాల్సిన దానికంటే దగ్గర దగ్గర మూడు డిగ్రీలు తక్కువ. ఆ చీటీలు బల్ల మీద పరుచుకుని నేను పొంగిపోయాను. ఉద్యోగమంతా పేనుబంకకూ తామరపురుగుకూ మందులు రాసిన వాడికి ధ్రువాల సంగతి చేతికి దొరికితే ఊరుకుంటాడా? మామూలుగా మన దగ్గర చలి దేనివల్ల వస్తుందో నాకు తెలియక కాదు. మబ్బు లేని రాత్రి, ఉత్తరం నుంచి పొడిగాలి. అది నాకు మరీ చిన్న కారణంగా కనపడింది.

నరసరావుపేటలో ఉన్న పత్రికల వాళ్ళకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ధ్రువపు చలి పల్నాడును వణికిస్తోందని వార్త వచ్చింది, పక్కన నా ఫొటో. ఆ కత్తిరింపు నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. మాచర్లలో రైతుల సమావేశానికి పిలిచి శాలువా కప్పారు. మా పెద్ద సారు, అంటే కేంద్రానికి అధికారి, నన్ను గదిలోకి పిలిచి టీ తెప్పించాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడివేయడమంటే ఏమిటో తెలియాలంటే ఆ నెల నేను రాసిన బులెటిన్లు చూడాలి.

అడ్డం చెప్పిన వాళ్ళు లేకపోలేదు. అబ్జర్వరమ్మ ఒకరోజు చీటీ ఇస్తూ నిలబడిపోయింది.

"సార్, ఈ అంకె చూస్తే నాకే నమ్మబుద్ధి కావట్లా. సైకిలు మీద వచ్చేటప్పుడు అంత చలేం తెలవట్లేదు."

"నీ స్వెట్టరు మందంగా ఉండుంటుందిలే."

"స్వెట్టరు పాతదే సార్. పెట్టె కూడా ఒక పక్క తడిగా ఉంటంది."

"చలికాలం తడి ఉండదా? చలి ఎక్కువైతే తడీ ఎక్కువవుద్ది," అన్నాను. ఆమె తలూపి వెళ్ళిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న వాడికి నాలుగో కాలు చూపించినా లాభం లేదని ఆమెకు అర్థమై ఉంటుంది.

రెండో మనిషి నాదెండ్ల వైపు నుంచి ఫోన్ చేసిన ఒక కౌలు రైతు. అరవై దాటిన ఆవిడ. రాత్రి చలి తగ్గేదాకా నువ్వులు చల్లకండి, మొలక సరిగా రాదని బులెటిన్లో రాశాను. ఆవిడకు కాలువ నీళ్ళు ఎప్పుడు ఆగిపోతాయోనన్న బెంగ.

"ఏమయ్యా, విత్తనం తెచ్చి పెట్టుకున్నా. చల్లమంటావా, ఆగమంటావా?"

"ఆగు పెద్దమ్మా, పది రోజులు. ఈ చలి ఇక్కడిది కాదు. ఉత్తర ధ్రువం నుంచి వస్తోంది."

"అదేడుంది?"

చెప్పాను. ఆవిడ కాసేపు విన్నది. "అంత దూరం నుంచి వచ్చేది మా అరుగుల మీదికి రాలేదేందయ్యా. మా ముసలోళ్ళు దుప్పటన్నా కప్పుకోకుండా పొద్దున్నే కూర్చోని చుట్టలు కాలుస్తన్నారు," అంది. నేను నవ్వి ఫోన్ పెట్టేశాను. ఆ మాట ఆఫీసులో అందరికీ చెప్పి మళ్ళీ నవ్వాను.

జనవరి మొదట్లో పైనుంచి, మా కేంద్రాలన్నిటి లెక్కలూ చూసే పెద్దాయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. మాచర్ల వైపు తనంతట తానే కొలిచి పంపే యంత్రం ఒకటుంది. దానిలో చలి మామూలుగానే ఉంది, మీ దగ్గర మాత్రమే ఎందుకు పడిపోయింది, మీ అబ్జర్వరు ఇంట్లో కూర్చుని రాస్తోందా అని అడిగారు. నెల మూడో వారంలో తానే వచ్చి చూస్తానన్నారు.

పెద్ద సారు నన్ను పిలిచాడు. ఈసారి టీ లేదు.

"ఆయన అన్నదే నిజమై ఉంటుందయ్యా. పొద్దున్నే ఆమె వస్తోందో లేదో చూసిందెవరు? అంకెలు కల్పించి రాస్తోందని నువ్వొక కాగితం రాసివ్వు. కాంట్రాక్టు మనిషి. ఫిబ్రవరి నుంచి ఇంకొకరిని చూసుకుందాం."

అప్పుడు నాకేమనిపించిందో దాచను. ఊరట అనిపించింది. తప్పు ఆమెదైతే నాది కాదు. ఆమె రాసిచ్చింది, నేను నమ్మాను, అంతేగా. కాగితం రాశాను. 'పరిశీలన సమయానికి హాజరు కాకుండా అంకెలు ఊహించి నమోదు చేస్తున్నట్టు తెలియవచ్చినది' అని. 'తెలియవచ్చినది' అన్నది మన ఆఫీసుల్లో చాలా సుఖమైన మాట. ఎవరికి తెలిసింది, ఎట్లా తెలిసింది అని ఎవరూ అడగరు. సంతకం చెయ్యబోతూ, ఒక్కసారి కళ్ళారా పట్టుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అనుకున్నాను. కాగితం జేబులో పెట్టుకుని మర్నాడు తెల్లవారకముందే కేంద్రానికి వెళ్ళాను.

ఎరువుల గోదాము గోడ పక్కన నక్కి నిలబడ్డాను. తూర్పు తెల్లబడుతోంది. కంచె లోపల ఎవరో కదిలారు. చూస్తే మా వాచ్‌మన్. గురజాల వైపు మనిషి, కేంద్రంలోనే ఒక గదిలో ఉండేవాడు. ఆ ఏడాదే మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. పాతికేళ్ళుగా ఏటా వేసుకునే గురుస్వాములకైనా కొంచెం సడలింపు ఉంటుందేమోగాని, కన్నెస్వామి నియమం అంటే నియమమే. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి, పెదవులు శరణు చెప్పుకుంటున్నాయి. రెండు చేతులతో మా తెల్లపెట్టె మీద, ఉత్తరం వైపు కిందిదాకా వేలాడేట్టు, తడిపిన నల్లపంచె మడత లేకుండా పరుస్తున్నాడు.

మామూలు రోజుల్లో అయితే వాణ్ణి ఏమనేవాణ్ణో ఇక్కడ రాయలేను. మాల వేసుకున్న మనిషిని తిట్టకూడదు. నోటిదాకా వచ్చిన మాట "స్వామీ" అని మారి బయటికొచ్చింది.

"ఏంది స్వామీ ఇది?"

"పంచె స్వామీ," అన్నాడు తొణక్కుండా. మాల వేసుకున్నప్పటి నుంచి నేను వాడికి సారును కాదు, స్వామినే.

"పంచె అని తెలుస్తానే ఉంది. ఇక్కడెందుకు ఆరేశావు?"

"మడి బట్ట గదా స్వామీ. అందరి బట్టలూ వేసే తీగ మీద వేస్తే మైలపడుద్ది. గదిలో వేద్దామంటే ఎలకలు. ఈ కేంద్రం మొత్తానికి ఎవురూ ముట్టుకోని చోటు ఇదొక్కటే. మీరే గదా బోర్డు రాయించింది."

కంచె తలుపు మీద బోర్డుంది. లోపలికి రాకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు అని. నేనే రాయించాను.

"ఎన్నాళ్ళ నుంచి ఆరేస్తన్నావు?"

"మాల వేసుకున్న కాడ్నుంచి. సాయంత్రం ఒకటి, పొద్దున ఒకటి. ఏడింటికి మాత వస్తది గదా, ఆమె పనికి అడ్డం కాకుండా ఈలోగా తీసేసి ఎండలో వేసుకుంటా."

మాత అంటే అబ్జర్వరమ్మ. మాల వేసుకున్నది డిసెంబరు మొదటి వారంలో. ఎండాకాలం కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే గది ఎట్లా చల్లబడుతుందో మీకు తెలుసు. ఉత్తరం నుంచి పొడిగాలి తడిపంచెలోంచి దూరి మా పెట్టెలోకి పోతోంది. సరిగ్గా తెల్లవారుజామున, రాత్రి మొత్తంలో చలి ఎక్కువగా ఉండే వేళకు. నెల రోజులుగా పల్నాడును వణికిస్తున్న ధ్రువపు చలి ఆ పంచెలోంచి వస్తోంది. నాకు నవ్వు రాలేదు.

ఏడుకు ఐదు నిమిషాలుండగా సైకిలు గంట వినిపించింది. అబ్జర్వరమ్మ దిగి, నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, నమస్కారం పెట్టి నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళింది. పంచె అప్పటికే తీసేశాం. గడియారం చూసుకుని, సరిగ్గా ఏడింటికి తలుపు తీసి, కళ్ళు అంకెకు సమానంగా వంచి చూసి, రాసుకుంది. రిజిస్టర్ ఇటివ్వమని అడిగాను. చీటీలు తప్ప ఆ రిజిస్టర్ నేను చూసి ఎంత కాలమైందో గుర్తు లేదు.

అంకెల పక్కన చివర్లో 'విశేషాలు' అని ఒక గడి ఉంటుంది. దాదాపు అన్ని కేంద్రాల్లోనూ ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఇక్కడ డిసెంబరు రెండో వారం నుంచి ప్రతి రోజూ, సన్నటి అక్షరాలతో ఒకటే మాట: 'పెట్టె ఉత్తరం వైపు తడి. మిగతా మూడు వైపులా పొడి.' ఒక్క రోజు కూడా వదలలేదు.

"ఇదేంటమ్మా, నాకు చెప్పలేదేం?"

"చెప్పా గదా సార్. చలికాలం అన్నారు."

"ఆ తడి స్వామి పంచెదని నీకు తెలియదా?"

"తెలవదు సార్. నేనొచ్చేసరికి ఏం ఉండదు. తడి కనపడింది, తడి అని రాశా. ఎందుకో తెలవదు, అది రాయలా."

జేబులో కాగితం ఉంది. దాన్ని చేత్తో అదిమి పట్టుకుని ఆఫీసులోకి వెళ్ళాను.

పెద్ద సారుకు జరిగింది చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. నవ్వయిపోయాక తలుపు వేయించాడు.

"చూడు. వారంలో స్వామి ఇరుముడి కట్టుకుని శబరిమల పోతాడు. పంచె పోతుంది. అంకె దానంతటదే పెరుగుతుంది. చలి తగ్గిందని నువ్వు రాస్తావు. నీ పరువు, నా పరువు, కేంద్రం పరువు అన్నీ నిలబడతాయి."

"పైవాళ్ళు అడిగిందానికి ఏం చెబుదాం సార్?"

"నిన్న రాసిన కాగితం ఉందిగా. సంతకం పెట్టి ఇవ్వు."

వెంటనే లేచి కాదన్నానని రాయాలని ఉంది, కాని అనలేదు. ఆలోచించుకుంటానన్నాను. మధ్యాహ్నం దాకా ఆలోచించాను కూడా. ఉద్యోగం చివరికొస్తోంది, ఈ వయసులో మచ్చెందుకు, ఆమెకు ఎక్కడో ఒకచోట పని దొరకకపోతుందా, ఇట్లా ఒకటి కాదు. మనిషి తన తప్పు దాచుకోవాలనుకుంటే కారణాలకు కొదవుండదు. రిజిస్టర్ నా బల్ల మీదే ఉంది. ఒకపక్క ఆమె అక్షరాలు, ఇంకోపక్క అద్దం కింద పత్రికలో పడ్డ నా ఫొటో. రోజూ చూసుకుని మురిసిన ఆ ఫొటో చూస్తే సిగ్గేసింది. అద్దం ఎత్తి దాన్ని తీసి చించేశాను. జేబులో కాగితం కూడా చించాను.

తర్వాత ఉత్తరం రాశాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా రాత్రి ఉష్ణోగ్రతలు నమ్మదగినవి కావు, కారణం పెట్టె మీద తడిబట్ట, పరిశీలకురాలు ప్రతిరోజూ తడి సంగతి నమోదు చేసింది, రిజిస్టర్ చూడకపోవడం నా తప్పు, ఆ అంకెలతో ధ్రువాల మంచుకు ముడిపెట్టి ప్రచారం చేయడం కూడా నా తప్పు. ఒక ప్రతి పెద్ద సారుకిచ్చి, ఇంకొకటి ఆయన్ను దాటి నేరుగా పైకి పంపాను. ఆయన ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా నాతో పని మాటలే మాట్లాడాడు. పైనుంచి నాకు మెమో వచ్చింది. న్యాయమే.

స్వామి మాత్రం చాలా బాధపడ్డాడు. "నా పంచె వల్ల మాతకు మాటొచ్చిందా స్వామీ," అని రెండు మూడుసార్లు అడిగాడు. వాడి కోసం గోదాము వెనక విడిగా ఒక తీగ కట్టించాం.

తర్వాతి బులెటిన్లో సవరణ వేసి, నాదెండ్ల పెద్దమ్మకు నేనే ఫోన్ చేశాను. "పెద్దమ్మా, చలి అంత లేదు, తప్పు చెప్పాను, నువ్వులు చల్లుకో."

"ఎప్పుడో చల్లా. మొలక కూడా వచ్చింది. నువ్వు చెప్పావని ఆగుతానా?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కాని ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. "మా పక్క చేనాయన ఆగాడయ్యా. నీ మాట మీద ఆగాడు. ఆయనకు గూడా చెప్పు." ఆ చెప్పడం ఈ చెప్పడమంత తేలిగ్గా జరగలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు ఇక్కడే చెబుతాను తల్లీ. మంచు తగ్గుతున్న మాట నిజం. దానికీ, మనకంటే చాలా ఉత్తరాన ఉన్న దేశాల చలికాలాలకూ లంకె ఉండొచ్చు, పెద్దవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. పల్నాడులో ఒక వారం చలికి దాన్ని కారణంగా రాయకు. రాయాలనిపిస్తే ముందు పొద్దున్నే వెళ్ళి మీ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి రా.

మూడో వారంలో పైనున్న పెద్దాయన వచ్చారు. నా ఉత్తరం ఆయన చేతిలోనే ఉంది. ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. అబ్జర్వరమ్మను పిలిపించి, రిజిస్టర్ ముందేసుకుని పేజీలు వెనక్కి తిప్పుతూ పోయారు. నెలలు దాటి అంతకు ముందు ఏడాదిలోకి వెళ్ళారు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ ఒక రోజు ఖాళీగా ఉందేం?"

"ఆ రోజు తెల్లారుజామున మా నాన్న పోయాడు సార్. రాలేకపోయా."

"మర్నాడు వచ్చి రాసి ఉండొచ్చుగా. ముందు రోజుదీ తర్వాత రోజుదీ చూసి మధ్యలో ఒక అంకె వేస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఆమెకు ఆ ప్రశ్న నిజంగా అర్థం కాలేదు. పరీక్షిస్తున్నారని కూడా తోచలేదు.

"నేను చూళ్ళేదు గదా సార్," అంది. "చూడందాన్ని ఎట్టా రాస్తా?"

ఆయన రిజిస్టర్ మూసి, కాంట్రాక్టు కాగితం తెమ్మని పెద్ద సారును అడిగారు. అక్కడే సంతకం చేశారు.

సాయంత్రం ఆమె సైకిలు తీసుకుంటుంటే నేను గేటు దగ్గరికి వెళ్ళాను. ఏదో చెప్పాలని వెళ్ళాను, ఈలోగా ఆమే అడిగింది.

"సార్, ఆ రోజు మీరు చీకటితోనే వచ్చింది నన్ను పట్టుకోవడానికే గదా?"

అవునన్నాను. కాగితం రాసిన సంగతి కూడా చెప్పాను. క్షమించమన్నాను. ఆమెకు కోపం రాలేదు, వచ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"తొమ్మిదేళ్ళు రోజూ ఏడింటికి వచ్చా సార్," అంది సైకిలు స్టాండు తీస్తూ. "ఒక్కరోజన్నా ఊరికే చూడ్డానికి వచ్చుంటే బాగుండేది."